ముందే రాసిన సాక్ష్యం

మా అమ్మాయి బడికి వెళ్లదు. సూర్యాపేటలో ఈ ముక్క చెప్పగానే ఎదుటివాళ్ల మొహంలో రెండు ప్రశ్నలు వరసగా కనపడతాయి. పిల్లకేమైనా బాగాలేదా అన్నది మొదటిది. తల్లికేమైనా బాగాలేదా అన్నది రెండోది. మొదటిదానికి నా దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. రెండోదానికి మాత్రం పోయినేడాది కొన్ని నెలలపాటు జవాబు లేదు.

పెళ్లికి ముందూ తర్వాతా కలిపి పదేళ్లు ప్రైవేటు బళ్లలో తెలుగు చెప్పాను. కరోనాకి బళ్లు మూతపడ్డప్పుడు అమ్మాయి ఒకటో తరగతి. ఫోన్లో వాళ్ల టీచరు అందరికీ వినపడుతోందా అని అడగడం, పిల్లలు వినపడతలేదు మిస్ అని అరవడం, ఇంతలో పీరియడ్ అయిపోవడం. చూసి చూసి నేనే కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టాను. బళ్లు తెరిచాక ఒక నెల పంపాను. గైడులోని జవాబులు అక్షరం పొల్లుపోకుండా దించడం నేర్చుకొచ్చింది. నా స్నేహితురాలి గురించి రాయమంటే తరగతిలో నలభైమందీ ఒకే స్నేహితురాలి గురించి రాశారు. ఆ సాయంత్రమే మాన్పించాను.

మా ఆయన మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో గుమస్తా. పొద్దున బస్సెక్కితే పొద్దుగూకే వేళకి దిగుతాడు. నా నిర్ణయం విని, "నీకు కోపమొస్తే బడి మారుస్తవనుకున్న. మొత్తం బళ్ల మీదనే అలుగుతవనుకోలే" అన్నాడు. పదో తరగతి పరీక్ష ఓపెన్ స్కూల్లో రాయిస్తానని చెప్పాక ఇంక ఆ మాట ఎత్తలేదు. అడ్డు చెప్పడానికి ఓపిక లేక ఒప్పుకునే మనిషి ఆయన. నాకు అది చాలాసార్లు కలిసొచ్చింది.

పుస్తకాలకి మాకు కొదవ లేదు. మా నాన్న మిర్యాలగూడలో గవర్నమెంటు టీచరుగా చేసి పోయాడు. ఆయన పుస్తకాలు రెండు బియ్యం బస్తాల్లో కుక్కుకుని తెచ్చుకున్నాను. కథలు, వ్యాకరణాలు, పాత పంచాంగాలు, వ్యవసాయ శాఖ వాళ్లు పంచిన కరపత్రాలు, అన్నీ కలగాపులగంగా ఉంటాయి. అమ్మాయికి అవన్నీ ఒకటే. పొద్దున కథ చదివి, మధ్యాహ్నం పత్తిలో గులాబీ రంగు పురుగు గురించి అంతే శ్రద్ధగా చదువుతుంది. పత్తి చేను లేనివాళ్లకి అంత పరిజ్ఞానం ఎందుకని వాళ్ల నాన్న ఏడిపిస్తుంటాడు.

రాయడానికి మాత్రం నేనొక పద్ధతి పెట్టాను. రెండు నోటు పుస్తకాలు. ఒకదాని అట్ట మీద ‘జరిగింది’ అని, రెండోదాని మీద ‘జరగంది’ అని నేనే రాసిచ్చాను. మొదటిదాంట్లో ఆ రోజు కంటితో చూసింది, చెవితో విన్నది రాయాలి. రెండోదాంట్లో తాబేలు ఆటో నడిపినా నాకేమీ అభ్యంతరం లేదు. ఒకదాంట్లోది ఇంకోదాంట్లోకి రాకూడదు, అంతే. సాయంత్రం ఎర్ర పెన్ను పట్టుకుని దిద్దేదాన్ని. మొదటి పుస్తకంలో నాకు అనుమానం వచ్చిన వాక్యం కనపడితే, నిజంగా చూసినవా అని అడిగి, చూశానంటేనే టిక్కు. కల్పించడం పాపం కాదు, కల్పించినదాన్ని జరిగిందని చెప్పడం పాపం అని పాఠం కూడా చెప్పేదాన్ని. పెద్ద చెప్పొచ్చాను.

మాది తాతల నాటినుంచి క్రైస్తవ కుటుంబం. మా సంఘాలకి రెండు నెలలకోసారి వచ్చే ఒక చిన్న పత్రిక ఉంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల పల్లెల్లో పంచుతారు. దాన్ని చూసుకునేది కోదాడలో ఉండే ఒక సంఘ పెద్ద. రిటైరైన మాష్టారు. మేమంతా పెద్దాయన అంటాం. అచ్చు కూడా కోదాడలోనే. పెళ్లికార్డులు, ఎలక్షన్ల కరపత్రాలు లేని రోజులు చూసి ప్రెస్సువాళ్లు మా పని పెట్టుకుంటారు. అందుకని మేటరు చాలా ముందుగా ఇచ్చేయాలి.

ఆ పత్రికలో సాక్ష్యాలు రాసేది నేనే. అంటే నావి కావు. రాయడం రాని ఆడవాళ్లు తమ బతుకులో దేవుడు చేసిన మేలు చెప్పేవారు, నేను కాగితం మీద పెట్టేదాన్ని. సాక్ష్యానికి ఒక వరస ఉంటుంది. కష్టం, ప్రార్థన, విడుదల, కృతజ్ఞత. ఎవరి బతుకునైనా ఈ నాలుగు గదుల్లో సర్దేయగలనని నాకొక పొగరు ఉండేది. ఏ గదిలోనూ పట్టని ముక్కలు కొన్ని మిగిలేవి. వాటిని వదిలేసేదాన్ని. చదివినవాళ్లు ఏడ్చారంటే బాగా కుదిరిందనుకునేదాన్ని.

అమ్మాయికి తొమ్మిదేళ్లు దాటాక నాకు మళ్లీ నెల తప్పింది. మేం అప్పటికి ఆశ వదిలేసుకున్నాం. సంఘంలో అందరూ సంతోషించారు. పెద్దాయన కోదాడనుంచి ఫోన్ చేశాడు. "అమ్మా, వార్షికోత్సవ సంచికకి ఈసారి మీ సాక్ష్యమే వేద్దామమ్మా. ఎప్పుడూ వేరేవాళ్లవే రాస్తారు కదా."

"కాన్పు కానీయండి, రాస్తాను" అన్నాను.

"కాన్పయ్యాక రాస్తే ఈ సంచికకి అందదు. ప్రెస్సువాడు మళ్లీ దొరకడు. విశ్వాసంతో ముందే రాసిచ్చేయండి."

బయటివాళ్లకి ఇది వింతగా ఉంటుందేమో. మాలో ఇది ఉన్నదే. ఇంకా రాని ఉద్యోగానికి, ఇంకా కుదరని పెళ్లికి, ఇంకా తగ్గని జబ్బుకి, అందినట్టే ఎంచి ముందే కృతజ్ఞత చెప్పడం. అది అబద్ధం కింద లెక్క కాదు, విశ్వాసం కింద లెక్క. నేనూ అలాగే అనుకుని ఒక మధ్యాహ్నం కూర్చుని గంటన్నరలో రాసేశాను. కాన్పు గది కిటికీలోంచి పడ్డ ఎండ, నర్సు నవ్విన నవ్వు, బిడ్డ మొదటి ఏడుపు, ఒడిలో పెట్టగానే ఆ బరువు. ఆడో మగో తెలియదు కాబట్టి బిడ్డ అనే రాశాను. నిజం చెప్పాలంటే నేను రాసినవాటన్నిటిలో బాగా కుదిరింది అదే. తిరిగి చదువుకుని మురిసిపోయాను కూడా.

ఎనిమిదో నెల నడుస్తుండగా నొప్పులొచ్చాయి. బాబు పుట్టాడు. గంట కూడా లేడు. ఎవరి తప్పూ లేదు. మా ఆయనా, సంఘంవాళ్లు ఇద్దరూ తీసుకెళ్లి సమాధుల తోటలో పెట్టి వచ్చారు. నన్ను వెళ్లనీయలేదు.

మూడు వారాలు మిర్యాలగూడలో మా అమ్మ దగ్గర ఉన్నాను. చూడవచ్చినవాళ్లకి మా అమ్మ గుమ్మంలోనే చెప్పేది, ఆ మాట ఎత్తొద్దని. వాళ్లు లోపలికొచ్చి ఎండల గురించి మాట్లాడి వెళ్లేవారు. నాకు పాలు వచ్చాయి. వాటికి సంగతి తెలియదు కదా. గుడ్డ గట్టిగా బిగించి కట్టి, మా అమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. ఆమె ఏడ్చింది, మా ఆయన ఏడ్చాడు, అమ్మాయి ఏడ్చింది. నేను ఏడవలేదు. ధైర్యం అనుకున్నారు. ధైర్యం కాదు. ఏమీ లేదు, అంతే. పన్ను పీకించుకున్నాక చెంపని గిల్లుకుంటే ఎవరిదో చెంపలా ఉంటుంది చూడండి, నాకు ఒళ్లంతా అలా ఉంది.

సూర్యాపేటకి తిరిగొచ్చిన రెండో రోజే పాఠాలు మొదలుపెట్టాను. భిన్నాలు చెప్పాను. గుణింతాలు తప్పుపోతే దిద్దాను. పొద్దున కుటుంబ ప్రార్థనలో నా వంతు వచ్చినప్పుడు ప్రార్థన చేసేదాన్ని. మాటలు వాటంతట అవే వరసగా వచ్చేవి, చిన్నప్పటినుంచి నోటికి అలవాటైనవి కదా. సరైన చోట ఆమెన్ అనేదాన్ని. దేవుడి మీద కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది, ఎదురుగా ఎవరో ఉన్నారన్న లెక్క ఉండేది. నేను పలికే మాటలు ఎక్కడికి పోతున్నాయో నాకు తెలియలేదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. చదవబోతే పేజీ తిరిగేది గాని ఏమీ ఎక్కేది కాదు. మా నాన్న పుస్తకాలకి దుమ్ము దులిపి మళ్లీ అక్కడే పెట్టేదాన్ని.

కాన్పయ్యి రెండు నెలలు కావస్తుండగా పత్రిక వచ్చింది. కోదాడ బస్సులో కట్ట వేస్తే మా ఆయన బస్టాండులో దింపుకుని తెచ్చాడు. ఆదివారం మా ప్రార్థన గుళ్లో పంచేది ఆయనే. తాడు విప్పి ఒకటి తెరిచి, నిలబడ్డచోటే నిలబడిపోయాడు. నేను తీసుకుని చూశాను. నడిమి పేజీలో నా సాక్ష్యం ఉంది, చుట్టూ పూల అంచు వేసి.

ఆపమని చెప్పాలన్న సంగతి మాలో ఎవరికీ గుర్తులేదు. అంతకంటే వింత ఇంకొకటి ఉంది. నేను బిడ్డ అని రాసినచోటల్లా బాబు అని మార్చి ఉంది. తర్వాత తెలిసింది. బాబు పుట్టాడన్న మొదటి మాట ఆ పూటే ఎవరో ఫోన్లో కోదాడ చేరవేశారు. ఆ తర్వాత మాట గుసగుసగా తిరిగింది గాని అంత దూరం పోలేదు. పెద్దాయన పాపం సంతోషంగా ప్రెస్సుకి వెళ్లి, తన చేత్తో దిద్దించి వచ్చాడు. నేను కల్పించిన ఎండలో, నేను కల్పించిన నర్సు చేతుల్లో, నా కొడుకు ఆరోగ్యంగా ఏడుస్తున్నాడు.

మా ఆయన ఫోన్ చేస్తే పెద్దాయన చాలా నొచ్చుకున్నాడట. తర్వాతి సంచికలో సవరణ వేద్దామన్నాడు. రెండు రోజులకి మళ్లీ తనే ఫోన్ చేసి నన్ను ఇమ్మన్నాడు. "అమ్మా, పత్రికలు మిగతా ఊళ్లకి వెళ్లిపోయాయి. చదివి ఎంతోమంది ఆదరణ పొందుతున్నారు. ఇప్పుడు కాదని వేస్తే విశ్వాసులు కలవరపడతారేమోనమ్మా. మీరేమంటారు?"

"మీ ఇష్టమండీ" అన్నాను.

ఆయన మంచివాడు. నేను వేయండి అని ఒక్క మాట అంటే వేసేవాడు. ఆ మాట అనడానికి కావలసిన పట్టుదల నాలో లేదు. మా సూర్యాపేట గుళ్లో పంచాల్సిన కట్టని మా ఆయన మంచం కిందకి తోశాడు. ఇక్కడివాళ్లకి ఎలాగూ అంతా తెలుసు.

ఆ నెలాఖరున, పదకొండు గంటలప్పుడు, తలుపు దగ్గర ఒకామె నిలబడింది. పాతికేళ్లుంటాయేమో. ఆరో నెల కడుపు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడతపెట్టిన పత్రిక.

"వందనాలక్కా. పాలకీడు నుంచి వచ్చిన. హుజూర్‌నగర్‌ల బస్సు మారి. గుడి కాడ అడిగితే ఇల్లు సూపెట్టిన్రు. సాక్ష్యం రాసింది నువ్వే గదా?"

లోపలికి రమ్మన్నాను. అమ్మాయి నేల మీద బోర్లా పడుకుని లెక్కలు చేసుకుంటోంది. ఆమె కుర్చీలో కూర్చోకుండా గోడకి ఆనుకుని చాప మీద కూర్చుంది. కూలికి పోతుందట, భర్త ట్రాక్టరు నడుపుతాడట. ఇద్దరు పిల్లలు కడుపులోనే పోయారు, ఒకరు ఏడో నెలలో, ఒకరు నిండాక. ఇది మూడోది. పత్రికలో నాది చదివించుకుని విన్నదట. మళ్లీ మళ్లీ చదివించుకుందట.

"నీ చేత ప్రార్థన చేయించుకుందామని వచ్చినక్కా. బాబును గూడ ఒకసారి సూసి పోదామని. బాబు ఏడీ?"

లేడు అనాలి. రెండక్షరాలు. ఆమె కడుపు చూశాను. నా నోరు తెరుచుకుంది.

"మా అమ్మ దగ్గర ఉన్నడు. మిర్యాలగూడెంల."

ఆమె నా వైపు ఒక క్షణం చూసింది. "అట్లనా అక్కా" అని, చెంగు తల మీద కప్పుకుని వంగింది. నేను ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను. బాగానే చేశాను, నాకు రానిదేముంది. నేల మీద పెన్సిలు చప్పుడు ఆగిపోయింది. లేచేటప్పుడు ఆమె కవరులోంచి ఒక చిన్న బొంత తీసింది. పాత నూలుచీరలు మడతలేసి, దగ్గర దగ్గరగా కుట్లేసిన పసిపిల్లల బొంత. "ఉంచుకో అక్కా. నీకనే కుట్టిన" అంది. పత్రిక వెనక పేజీ మీద తన ఫోన్ నంబరు రాయించి, ఆ ముక్క చింపి ఇచ్చి, నా నంబరు తన ఫోన్లో ఎక్కించుకుని వెళ్లింది. నేను బొంత తీసుకున్నాను. తీసుకున్నానంటే నాకే నమ్మబుద్ధి కాదు, కాని తీసుకున్నాను.

ఆ సాయంత్రం అమ్మాయి ‘జరిగింది’ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. రోజూ తెచ్చేదే. నేను ఎర్ర పెన్ను తీసి చదివాను.

‘తమ్ముడు మిర్యాలగూడలో అమ్మమ్మ దగ్గర ఉన్నాడు. పాలకీడు నుంచి ఒక అక్క వచ్చింది. తమ్ముడికి బొంత తెచ్చింది. అమ్మ ఆ అక్కకి ప్రార్థన చేసింది.’

ఒక్క తప్పు లేదు. ఒత్తులు, దీర్ఘాలు అన్నీ సరిగ్గా ఉన్నాయి. పిల్ల పక్కన నిలబడి ఉంది.

"ఇది ఈ పుస్తకంల ఎందుకు రాసినవ్?"

"నువ్వే చెప్పినవ్ గదా ఆ అక్కకు."

"నీకు తెల్వదా?"

"తెలుసు."

"మరి?"

"టిక్కు పెడ్తవా, కొట్టేస్తవా సూద్దామని."

దాని గొంతులో పొగరు లేదు. నిజంగానే తెలుసుకోవాలనుకుంటోంది. టిక్కు పెడితే, ఇన్నేళ్లు దానికి చెప్పిందంతా నేనే కొట్టేసినట్టు. కొట్టేస్తే, తమ్ముడు ఉన్నాడన్న వాక్యం మీద నా చేత్తో నేను ఎర్రగీత గీయాలి. పెన్ను పట్టుకుని అలా కూర్చున్నాను. కొంతసేపయ్యాక అమ్మాయి పుస్తకం మూసి తీసుకెళ్లిపోయింది.

మర్నాటినుంచి అది ‘జరగంది’ పుస్తకంలోనే రాసింది. రోజుకి ఒకటి కాదు, రెండు మూడు పేజీలు. బస్సులు మాట్లాడాయి, వడ్లు పారిపోయాయి. బాగా రాసేది. ‘జరిగింది’ పుస్తకం షెల్ఫులో అలాగే ఉంది. ఈ రోజు జరిగింది రాయవా అంటే, ఏమీ జరగలేదమ్మా అనేది. చివ్వెంల దారిలో లారీ బోల్తాపడి రోడ్డంతా టమాటాలు దొర్లిన రోజు కూడా, తను కళ్లారా చూసి వచ్చి, ఏమీ జరగలేదంది. నేను ఏదైనా చెప్తే ఒక క్షణం ఆగి తలూపడం మొదలుపెట్టింది. పిల్లకి నా మాట మీద నమ్మకం పోతోందని నాకు కనపడుతూనే ఉంది. కనపడుతోంది గాని నాకు ఎక్కడా తగలడం లేదు. అది తగలకపోవడమే నాకు భయం వేసింది. ఆ నెలల్లో నాకు సరిగ్గా తెలిసిన భయం అదొక్కటే.

మా ఆయనతో చెప్పాను, పాలకీడు వెళ్లి ఆమెకి ఉన్నది చెప్పి వస్తానని. పిల్లని కూడా తీసుకెళ్తానని, అది వింటుండగా చెప్పాలని.

ఆయన అప్పుడే వద్దన్నాడు. "ఇప్పుడే పోతె ఆమె బెదురుతది. నెలలు నిండుతున్నయ్. కాన్పు కానీ."

నిజమే. అందుకని ఆగాను. ఆ మూడు నెలల్లో బొంత బీరువా పైఅరలో ఉంది. ఆమెకి ఏదైనా అయితే అన్న ఆలోచన గిన్నెలు తోముతుంటే వచ్చేది, పాఠం చెప్తుంటే వచ్చేది. నా కాగితం పట్టుకుని, నా అబద్ధం పట్టుకుని ఆమె కాన్పుకి వెళ్తుంది. ఒకరోజు తెలియకుండానే ఆమె కోసం ప్రార్థన చేస్తున్నానని గమనించాను. అందులో అలవాటైన మాటలు ఒక్కటీ లేవు. ఆమెని కాపాడు, ఆమెని కాపాడు, అంతే. ముగింపు కూడా సరిగ్గా లేదు. పప్పు మాడిన వాసన వచ్చి ఆపేశాను.

కోతలప్పుడు ఫోన్ వచ్చింది. "అక్కా, ఆడపిల్ల. ఇద్దరం మంచిగున్నం." బాబు గురించి అడుగుతుందేమోనని చూశాను. అడగలేదు. మర్చిపోయిందనుకున్నాను. నెల రోజులు గడవనిచ్చి బయల్దేరాం. మిల్లులో వడ్ల సీజను కాబట్టి మా ఆయన రాలేకపోయాడు. నేనూ అమ్మాయే. హుజూర్‌నగర్‌లో దిగి ఆటో ఎక్కాం. రోడ్డు సగం వరకూ వడ్లు ఆరబోసి ఉన్నాయి. బొంత సంచిలో పెట్టుకున్నాను, తిరిగి ఇచ్చేద్దామని. ఎందుకు వెళ్తున్నామని అమ్మాయి అడగలేదు. నేనే చెప్పాను. "ఆ అక్కకు అబద్ధం చెప్పిన గదా. జరిగింది చెప్పి వద్దాం." అది ఒక క్షణం ఆగింది. తల ఊపలేదు. కిటికీ లేని ఆటోలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఆమె అత్త మమ్మల్ని లోపలి గదిలోకి తీసుకెళ్లి, టీ పెడతానని వెళ్లింది. ఆమె మంచం మీద పిల్లని ఒళ్లో వేసుకుని కూర్చుని ఉంది. తలకి గుడ్డ కట్టుకుంది. మమ్మల్ని చూసి నిజంగా సంతోషపడింది. నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"చెల్లె, ఆరోజు నీకు అబద్ధం చెప్పిన. బాబు లేడు. పుట్టిన గంటకే పోయిండు. ఆ సాక్ష్యం కాన్పుకు ముందే రాసిన. అందుల ఉన్నదేదీ జరగలే."

బొంత తీసి మంచం చివర పెట్టాను. ఆమె బొంత వంక చూసింది, నా వంక చూసింది. కోప్పడుతుందనుకున్నాను. పడాలి కూడా.

"తెలుసక్కా" అంది.

"ఎవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్తరు? రెండు నెలల పిల్లగాన్ని వేరే ఊర్ల ఇడిసిపెట్టి ఏ తల్లన్నా ఇంట్ల కూసుంటదా? నువ్వు అనంగనే అర్థమైంది."

పదేళ్లు పిల్లలకి వ్యాసాలు దిద్దినదాన్ని, అబద్ధం కూడా అతుకు కనపడకుండా కట్టలేకపోయాను. "మరి నా చేత ప్రార్థన ఎందుకు చేయించుకున్నవ్?" అన్నాను.

ఆమె పిల్ల తలని సవరించింది. "ఆ కాయిదం సూసి వచ్చిన మాట నిజమే. గాని నిన్ను సూసినంక వేరే అనిపించింది. నాకు ప్రార్థన చేసెటోళ్లు మా ఊర్ల సానమంది ఉన్నరక్కా. అందరి పిల్లలు మంచిగున్నరు. పోతె ఎట్లుంటదో తెల్సినోళ్లు అడిగితె దేవుడు జర ఎక్కువ వింటడేమో అనిపించింది. అందుకే వంగిన."

నాకు కూర్చోవాల్సి వచ్చింది. అమ్మాయి వచ్చి నా పక్కన ఆనుకుని కూర్చుంది. బయట అత్త స్టవ్వు వెలిగిస్తున్న చప్పుడు వినపడింది. ఆమె తన ఇద్దరి గురించి చెప్పింది. పెద్దవాడికి వేళ్లు పొడుగ్గా ఉండేవట. రెండోది ఆడపిల్ల, తల నిండా జుట్టట. వాళ్లని పది నిమిషాలు చూసి ఉంటుంది, అంతే. అయినా ఇంట్లో తిరిగిన పిల్లల గురించి చెప్పినట్టే చెప్పింది. చెప్పి, నా వైపు తిరిగి మామూలుగా, ఏ ఇంటికెళ్లినా ఎవరైనా అడిగేలాగే అడిగింది.

"నీ కొడుకు ఎవరి పోలిక అక్కా?"

మా అమ్మ అడగలేదు. సంఘంలో ఎవరూ అడగలేదు. మా ఆయన కూడా అడగలేదు, ఆయన చూశాడు కాబట్టి. ఆర్నెల్లలో నన్ను ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేను ఆ మొహాన్ని చూశానని, నాకు అది బాగా గుర్తుందని, ఎవరికైనా చెప్పొచ్చని నాకే తెలియదు.

"దీని పోలికే" అన్నాను, అమ్మాయి మీద చెయ్యి వేసి. "అచ్చం ఇది పుట్టినప్పుడు ఎట్లున్నదో అట్లనే ఉండె. నుదురు, కండ్లు."

అమ్మాయి తల ఎత్తి నా మొహంలోకి చూసింది. కొన్ని నెలల తర్వాత అలా సూటిగా చూసింది.

"ముక్కు గూడనా?" అంది.

"ముక్కు గూడ" అన్నాను. అప్పుడు ఏడుపొచ్చింది.